పాప ఊపిరి లెక్క

ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు అనుకోండి. కార్తీక మాసం. వరి కోతలు అయ్యాయి. రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోశారు. పొద్దు గూకితే చలి. తెల్లవారితే మంచు.

ఆ ఊళ్లో ఒక ఇల్లు. ఇంట్లో అత్త, మామ, కోడలు ఉన్నారు. కొడుకు కామారెడ్డికి పనికి పోయి వస్తాడు. నాలుగేండ్ల బాబు అంగన్‌వాడీకి పోతాడు. వాడికి ఒక చెల్లె పుట్టింది. పాపకు ఇప్పుడు 45 రోజులు.

ఒక రోజు బాబు అంగన్‌వాడీ నుంచి ముక్కు కారుకుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే తొట్టెల దగ్గరికి ఉరికాడు. ముక్కు తుడుచుకున్న చేత్తోనే చెల్లె బుగ్గలు పట్టుకున్నాడు. ముద్దు పెట్టుకున్నాడు. వాడికి చెల్లె అంటే ప్రాణం. ఎవరూ వద్దనలేదు.

నాలుగైదు రోజులు గడిచాయి. బాబుకు జలుబు తగ్గింది. పాపకు మొదలైంది. ముందు తుమ్ములు వచ్చాయి. తర్వాత ముక్కు మూసుకుపోయింది. మూడో రోజుకు దగ్గు. పాప పాలు పట్టుకుంటుంది, వెంటనే వదిలేస్తుంది. మళ్లీ ఏడుస్తుంది.

"అత్తమ్మా, పాప పాలు సరిగ తాగుతలేదు" అంది కోడలు.

"ఏం గాదు. పిల్లలకు సర్ది గాకుంటదా? రెండు దినాలైతె అదే పోతది" అంది అత్త.

అత్త మాటలో తప్పు పట్టడానికి లేదు. ఆమె నలుగురు పిల్లల్ని కన్నది. నలుగురికీ ఎన్నోసార్లు సర్ది అయింది. చాలాసార్లు అదే పోయింది. కానీ అన్నిసార్లూ పోదు. ఎప్పుడు పోతుంది? ఎప్పుడు పోదు? ఆ తేడా తెలిస్తే బిడ్డ ప్రాణం దక్కుతుంది. ఆ తేడా తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. అంకెలు లెక్కపెట్టడం వస్తే చాలు.

జలుబు ఎక్కడి నుంచి వస్తుంది?

చల్లగాలి తగిలితే జలుబు చేస్తుందని మనం అనుకుంటాం. బాలెంత పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని కూడా అంటారు. అది నిజం కాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. వైరస్ అంటే కంటికి కనిపించని చాలా చిన్న క్రిమి. వానాకాలంలో, చలికాలంలో మనుషులు తలుపులు వేసుకుని ఒక్కచోట ఉంటారు. ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుంది. అందుకే ఆ రోజుల్లో జలుబులు ఎక్కువ.

జలుబు తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి. ఫ్లూ వైరస్ ఒకటి. కరోనా ఒకటి. 2020లో దాన్ని అందరం చూశాం. పసిపిల్లల్ని అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకునేది ఇంకొకటి ఉంది. దాని పేరు ఆర్.ఎస్.వి. 1956లో అమెరికాలో దాన్ని మొదట చింపాంజీలలో కనుగొన్నారు. చింపాంజీలకు జలుబు చేస్తే, ఎందుకు చేసిందో చూశారు. మరుసటి ఏడాదే అది పసిపిల్లలలో కూడా కనిపించింది. రెండేండ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఈ వైరస్ ఒకసారైనా సోకుతుంది. ఎక్కువ మందికి మామూలు జలుబులాగా వచ్చి పోతుంది. కొందరికి ఊపిరితిత్తుల దాకా దిగుతుంది.

2019లో ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క వైరస్ వల్ల సుమారు 1 లక్ష మంది అయిదేండ్లలోపు పిల్లలు చనిపోయారని లెక్క వేశారు. వారిలో దాదాపు సగం మందికి ఆరు నెలలు కూడా నిండలేదు. చనిపోయిన వారిలో ఎక్కువ మంది బీద దేశాల పిల్లలే. దవాఖానకు చేరడంలో ఆలస్యం, ఆక్సిజన్ దొరకకపోవడం ఇందుకు పెద్ద కారణాలు.

పెద్దలకు జలుబు, పసివాళ్లకు గండం. ఎందుకు?

అదే వైరస్ బాబుకు వచ్చింది, పాపకూ వచ్చింది. బాబు ఆడుకుంటున్నాడు. పాప పాలు తాగలేకపోతోంది. ఎందుకు ఇట్లా?

నిజాంసాగర్ కాలువను తలుచుకోండి. పెద్ద కాలువలో రెండు తట్టల మన్ను పడితే ఏమవుతుంది? ఏమీ కాదు. నీళ్లు పారుతూనే ఉంటాయి. అదే రెండు తట్టల మన్ను మడిలోకి పోయే పిల్ల కాలువలో పడితే? నీళ్లు ఆగిపోతాయి. మడి ఎండుతుంది.

మన ఛాతీలో కూడా కాలువలు ఉన్నాయి. వాటిలో పారేది నీళ్లు కాదు, గాలి. ముక్కు నుంచి ఒక పెద్ద గొట్టం లోపలికి దిగుతుంది. అది రెండుగా చీలుతుంది. రెండు నాలుగవుతాయి. అట్లా చీలి చీలి చివరికి సన్నని గొట్టాలవుతాయి. పెద్దవాళ్లలో ఆ గొట్టాలు కాస్త వెడల్పుగా ఉంటాయి. పసిబిడ్డలో చాలా సన్నగా ఉంటాయి. వైరస్ వల్ల గొట్టం లోపల వాస్తుంది, తెమడ పేరుకుంటుంది. పెద్దవాళ్లకు అది దగ్గు. పసిబిడ్డకు అది ఊపిరి ఆడకపోవడం.

ఇంకొక సంగతి. చిన్న పసివాళ్లు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ముక్కు మూసుకుపోతే పాలు తాగడం, ఊపిరి తీయడం రెండూ ఒక్కసారి చేయలేరు. అందుకే పాప రొమ్ము పట్టుకుని వదిలేస్తోంది. పాపకు ఆకలి లేక కాదు. ఊపిరి అందక.

నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డలకు, బరువు తక్కువ ఉన్న బిడ్డలకు, పుట్టుకతో గుండె జబ్బు ఉన్న బిడ్డలకు ఈ గండం ఇంకా ఎక్కువ. పుట్టి మూడు నెలలు కాని ఏ బిడ్డ విషయంలోనైనా జాగ్రత్తగానే ఉండాలి.

ఆ రాత్రి ఏమైంది?

ఆ రోజు రాత్రి పాప నిద్రపోయింది. కోడలికి నిద్ర పట్టలేదు. దీపం వెలుగులో పాప పొట్ట చూసింది. పొట్ట గబగబా లేస్తోంది, పడుతోంది. డొక్కలు లోపలికి పోతున్నాయి.

ఆశా వర్కరు ఇంటికి వచ్చినప్పుడు ఒక మాట చెప్పింది. "బిడ్డ ఊపిరి ఒక్క నిమిషం లెక్కపెట్టు. 60 దాటితే నాకు ఫోను చెయ్యి" అంది. కోడలికి అది గుర్తుకు వచ్చింది. ఆమె రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది. నూరు దాకా తప్పు లేకుండా చెప్పగలదు.

ఫోనులో గడియారం పెట్టుకుంది. పాప బట్ట పైకి తీసింది. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. మళ్లీ లేచి పడితే రెండు. నిమిషం అయ్యేసరికి 68 వచ్చింది. తాను తప్పు లెక్కపెట్టానేమో అనుకుంది. మళ్లీ లెక్కపెట్టింది. 70 వచ్చింది.

అత్తను లేపింది.

"అత్తమ్మా, 70 ఉన్నది. 60 దాటొద్దని ఆశమ్మ చెప్పింది."

"నడిరాత్రి ఎక్కడికి పోతం? తెల్లారి చూద్దం. పొద్దుగాల ఊరవతలి పెద్దమనిషి దగ్గరికి తీస్కపోయి వాతలు పెట్టిద్దం."

"వాతలు వద్దత్తమ్మా. లెక్క తప్పింది. నేను ఫోన్ చేస్త."

ఆశా వర్కరు ఫోనెత్తింది. పాప పాలు తాగుతోందా అని అడిగింది. డొక్కలు ఎగరేస్తోందా అని అడిగింది. "108కు చెయ్యి. నేను బయలెల్లి వస్తున్న" అంది. ఆమె వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. "అవ్వా, తెల్లారే దాకా ఆగితె పిల్ల అలిసిపోతది. ఊపిరి తీసి తీసి అలిసిపోతది. గప్పుడు ఏ డాక్టరేం చెయ్యలేడు" అంది.

అత్త ఇంకేమీ అనలేదు. లోపలికి పోయి పాపకు ఇంకొక మెత్తని బట్ట తెచ్చింది. తానూ బండి ఎక్కింది.

ఊపిరి ఎట్లా లెక్కపెట్టాలి?

బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు లెక్కపెట్టాలి. ఏడుస్తున్నప్పుడు వద్దు. పాలు తాగుతున్నప్పుడు వద్దు. నిద్రలో ఉంటే మంచిది.

బట్ట పైకి తీసి పొట్టను, ఛాతీని చూడాలి. లేచి పడితే ఒకటి.

పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయకూడదు. ఎందుకంటే పసిబిడ్డ ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా ఉంటుంది.

ఎక్కువ వస్తే మళ్లీ ఒకసారి లెక్కపెట్టాలి. రెండోసారీ ఎక్కువ వస్తే నమ్మాలి.

ఈ అంకెలు గుర్తుంచుకోవాలి:

రెండు నెలల లోపు బిడ్డకు: నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ప్రమాదం.

రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు: 50 లేదా ఎక్కువ ఉంటే ప్రమాదం.

ఏడాది నుంచి అయిదేండ్ల లోపు పిల్లలకు: 40 లేదా ఎక్కువ ఉంటే ప్రమాదం.

ఈ లెక్క ఊళ్లో పుట్టిన లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. దవాఖానలో నర్సమ్మలు, ఊళ్లో ఆశా వర్కర్లు ఇదే లెక్క పాటిస్తారు. ఎక్స్‌రే లేని ఊళ్లో కూడా న్యుమోనియాను తొందరగా పట్టుకోవడానికే ఈ లెక్క పెట్టారు. ఒక గడియారం, ఒక తల్లి, లెక్క తెలిసిన రెండు కళ్లు. అంతే కావాలి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

అంకె ఒక్కటే చూస్తే చాలదు. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు.

బిడ్డ పాలు తాగడం మానేయడం. లేదా ఎప్పుడూ తాగే దాంట్లో సగం కూడా తాగకపోవడం.

ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోతుగా గుంట పడడం. దీన్నే మనం డొక్కలు ఎగరేయడం అంటాం.

ఊపిరి వదిలినప్పుడల్లా మూలిగినట్టు చప్పుడు రావడం. ముక్కు పుటాలు ఎగరేయడం.

పెదవులు, నాలుక నీలంగా మారడం.

మధ్యమధ్య ఊపిరి ఆగి మళ్లీ రావడం. చాలా చిన్న బిడ్డలకు దగ్గు లేకుండానే ఇట్లా కావచ్చు.

బిడ్డ మత్తుగా పడి ఉండడం. లేపినా లేవకపోవడం. ఫిట్స్ రావడం.

ఒళ్లు కాలడం. లేదా ఒళ్లు చల్లబడిపోవడం. రెండు నెలల లోపు బిడ్డకు రెండూ ప్రమాదమే.

ఆరు గంటలకు మించి మూత్రం పోయకపోవడం.

ఆర్.ఎస్.వి. సోకితే జలుబు మొదలైన మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా రోగం ముదిరే అవకాశం ఎక్కువ. "నిన్న బాగానే ఉండె" అని ధీమాగా ఉండకూడదు. ఆ రోజుల్లో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఊపిరి లెక్కపెట్టాలి.

దవాఖానలో ఏం చేస్తారు?

పాపను ముందు ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. నర్సమ్మ పాప కాలికి చిన్న పట్టీలాంటిది పెట్టింది. దానితో ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉందో అంకె కనిపిస్తుంది. కరోనా రోజుల్లో వేలికి పెట్టింది ఇటువంటిదే. 90 కన్నా తగ్గితే తప్పకుండా ఆక్సిజన్ పెట్టాలి. పాపకు 88 ఉంది. ఆక్సిజన్ పెట్టి, అదే బండిలో కామారెడ్డి జిల్లా దవాఖానకు పంపారు.

వైరస్‌ను నేరుగా చంపే మందు పసివాళ్లకు మామూలుగా ఇవ్వరు. మరి దవాఖానకు ఎందుకు పోవాలి? బిడ్డ శరీరమే వైరస్‌తో కొట్లాడుతుంది. అది గెలిచే దాకా బిడ్డ ఊపిరి ఆగకుండా నిలబెట్టాలి. దవాఖాన చేసే పని అదే. ఆక్సిజన్ ఇస్తారు. ముక్కు శుభ్రం చేస్తారు. పాలు తాగలేకపోతే సన్నని గొట్టం ద్వారా తల్లిపాలే పోస్తారు. లేదా సెలైన్ ఎక్కిస్తారు. వైరస్‌తో పాటు బ్యాక్టీరియా కూడా చేరి న్యుమోనియా అయితే ఇంజక్షన్లు ఇస్తారు. ఏది వైరస్, ఏది బ్యాక్టీరియా అన్నది డాక్టరు తేల్చాలి. మందుల షాపులో తేలదు.

రోగం ఇంకా ముదిరితే హైదరాబాద్ నీలోఫర్ దవాఖానకు పంపుతారు. అది 1953 నుంచి నడుస్తున్న పిల్లల, తల్లుల పెద్ద దవాఖాన. కానీ దూరం. అంత దూరం పోకముందే పట్టుకోవడం మేలు.

108 బండికి డబ్బులు ఇవ్వనక్కరలేదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సేవ మొదలైంది. పగలైనా రాత్రైనా వస్తుంది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. జిల్లా దవాఖాన ఇప్పుడు కామారెడ్డిలోనే ఉంది.

మామూలు జలుబైతే ఇంట్లో ఏం చేయాలి?

బిడ్డ పాలు బాగా తాగుతోంది. ఊపిరి లెక్క సరిగా ఉంది. పైన చెప్పిన గుర్తులు ఏవీ లేవు. అప్పుడు ఇంట్లోనే చూసుకోవచ్చు.

తల్లిపాలు మానకూడదు. కొంచెం కొంచెం, ఎక్కువసార్లు ఇవ్వాలి.

పాలిచ్చే ముందు ముక్కు శుభ్రం చేయాలి. ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు దవాఖానలో అడగాలి. ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేసి, మెత్తని శుభ్రమైన బట్టను వత్తిలా చేసి తుడవాలి.

బిడ్డను వెచ్చగా ఉంచాలి. తల్లి ఛాతీకి హత్తుకుంటే అన్నిటికన్నా మంచి వెచ్చదనం. కుంపటి వద్దు.

ఏం చేయకూడదు?

ముక్కులో, చెవిలో నూనె పోయకూడదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దాని వల్లనే న్యుమోనియా వస్తుంది.

కర్పూరం రాయకూడదు. ఘాటు వాసన బాములు రాయకూడదు. పసివాళ్లకు కర్పూరం విషం లాంటిది.

తేనె నాకించకూడదు. ఏడాది నిండే దాకా తేనె అసలే వద్దు.

వాతలు పెట్టించకూడదు. వాతతో ఊపిరి గొట్టం తెరుచుకోదు. కాలిన పుండు మిగులుతుంది. దవాఖానకు పోవాల్సిన సమయం పోతుంది. దిష్టి తీసుకుంటే తీసుకోండి. కానీ దిష్టి తీసి ఊరుకోకండి.

దగ్గు మందు సీసా కొని పోయకూడదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో విషం కలిసిన దగ్గు మందు తాగి చాలా మంది చిన్న పిల్లలు చనిపోయారు. వారి మూత్రపిండాలు చెడిపోయాయి. తల్లిదండ్రులు ప్రేమతోనే ఆ మందు పోశారు. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం అన్ని రాష్ట్రాలకూ ఒక మాట చెప్పింది. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదు. ఇంట్లో పెద్దపిల్లలకు తెచ్చిన సీసా ఉంటే అది కూడా పోయకండి.

అసలు రాకుండా చూసుకోవడం

జలుబు బిడ్డ దగ్గరికి నడిచి రాదు. ఎవరో ఒకరు తెస్తారు. ఎక్కువసార్లు ఇంట్లోవాళ్లే తెస్తారు. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో పల్లె ఇళ్లను నెలల తరబడి పరిశీలించారు. పసిబిడ్డలకు ఆర్.ఎస్.వి. ఎక్కువగా బడికి పోయే అన్నల నుంచి, అక్కల నుంచి వచ్చిందని తేలింది. మన బాబు చేసిందీ అదే. వాడి తప్పేమీ లేదు. వాడికి చెప్పవలసింది పెద్దవాళ్లు.

చేతులు. ఈ వైరస్ చేతుల మీద, గిన్నెల మీద, తొట్టెల కట్టె మీద కూడా బతికి ఉంటుంది. సబ్బుతో రుద్దితే చస్తుంది. 1 నుంచి 20 దాకా లెక్కపెట్టే సేపు రుద్దాలి. బిడ్డను ఎత్తుకునే ముందు ఎవరైనా సరే చేతులు కడగాలి. బాబు అంగన్‌వాడీ నుంచి వస్తే ముందు చేతులు, ముఖం కడగాలి. తర్వాతే చెల్లె. ముద్దు పెట్టాలనిపిస్తే పాదాలకు పెట్టమనాలి.

చుట్టాలు. తొట్టెల పండుగకు చుట్టాలు వస్తారు. బస్సు దిగి వచ్చి నేరుగా బిడ్డ బుగ్గలు పట్టుకుంటారు. ఒడి నుంచి ఒడికి బిడ్డ మారుతుంది. వద్దంటే ఏమనుకుంటారో అని తల్లికి మొహమాటం. ఈ మాట తల్లి చెప్పలేకపోతే అత్త చెప్పాలి. "చేతులు కడుక్కొని ఎత్తుకోండి. సర్ది ఉన్నోళ్లు దూరం నుంచే దీవించండి" అంటే ఎవరూ తప్పు పట్టరు. దీవెనకు దూరం లేదు. జలుబున్నంత కాలం బిడ్డను సంతకు, జాతరకు, పెండ్లిళ్లకు తీసుకుపోకపోవడమే మేలు.

తల్లికే జలుబు చేస్తే? పాలు ఆపకూడదు. ముక్కుకు, నోటికి బట్ట కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వాలి. తల్లి ఒంట్లో ఆ వైరస్‌తో కొట్లాడే బలం తయారవుతుంది. అది పాలలో బిడ్డకు చేరుతుంది.

పాలు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. పారబోయకూడదు. ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలు తప్ప వేరే ఏదీ వద్దు. నీళ్లు కూడా వద్దు.

పొగ. పొగ తగిలితే బిడ్డ గాలి గొట్టాల లోపలి పొర దెబ్బతింటుంది. అప్పుడు వైరస్‌కు దారి దొరుకుతుంది. గ్యాసు పొయ్యి ఉన్న ఇళ్లలో కూడా నీళ్లు కాగబెట్టడానికి కట్టెల పొయ్యి వెలిగిస్తారు. వెచ్చగా ఉంటుందని బిడ్డను అక్కడే పడుకోబెడతారు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పడతారు. దోమలకు అగరు చుట్ట వెలిగిస్తారు. ఇవన్నీ బిడ్డ దగ్గర వద్దు. దోమలకు దోమతెర కట్టాలి.

బీడీ. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఆడవాళ్లు ఎందరో బీడీలు చుట్టి ఇల్లు నడుపుతారు. చాట ఒడిలో, తొట్టెల పక్కన. పని మానడం కుదరదు. కానీ తంబాకు చాట ఒక గదిలో, తొట్టెల ఇంకొక గదిలో పెట్టుకోవచ్చు. ఒక్కటే గది అయితే చాట వాకిట్లో పెట్టుకోవచ్చు. బీడీలు చుట్టిన చేతులు సబ్బుతో కడిగి పాలివ్వాలి. ఇక తాగేవాళ్ల సంగతి. ఇంట్లో బీడీ, సిగరెట్ వద్దే వద్దు. బయట తాగి వచ్చినా బట్టలకు ఆ పొగ అంటుకునే ఉంటుంది.

టీకాలు. టీకాలు అన్ని వైరస్‌లనూ ఆపవు. కానీ వైరస్ దెబ్బ కొట్టిన తర్వాత లోపలికి దూరే న్యుమోనియా బ్యాక్టీరియాను ఆపుతాయి. న్యుమోనియా టీకాను 2021లో దేశమంతటా ఉచిత టీకాలలో చేర్చారు. పేరు పి.సి.వి. అది ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు వేస్తారు. 6, 10, 14 వారాలకు వేసే అయిదు రోగాల టీకా కోరింత దగ్గును కూడా ఆపుతుంది. తొమ్మిది నెలలకు తట్టు టీకా వేస్తారు. తట్టు వల్ల కూడా న్యుమోనియా వస్తుంది. టీకా తేదీలు తల్లీబిడ్డల కార్డులో ఉంటాయి. ఆ కార్డు ఇప్పుడు మీరే చదవగలరు. ఏ గడి ఖాళీగా ఉందో మీరే చూడగలరు.

ఆర్.ఎస్.వి.కి కూడా కొత్త టీకా వచ్చింది. గర్భిణికి వేస్తే పుట్టబోయే బిడ్డకు రక్షణ. బిడ్డకే వేసే ఒక ఇంజక్షన్ కూడా వచ్చింది. 2023లో అమెరికాలో ఈ రెండింటికీ అనుమతి దొరికింది. మన సర్కారు ఉచిత టీకాలలో ఇవి లేవు. అందుకని ఇప్పటికి మన చేతిలో ఉన్న బలం సబ్బు, తల్లిపాలు, పొగ లేని ఇల్లు, ఊపిరి లెక్క.

పాప ఇంటికి వచ్చింది

పాప దవాఖానలో ఆరు రోజులు ఉంది. నాలుగో రోజు ఆక్సిజన్ తీసేశారు. అయిదో రోజు రొమ్ము పట్టుకుని వదలకుండా తాగింది. ఆ రోజు అత్త కళ్లు తుడుచుకుంది. "ఆడపిల్లకు ఇంత పెట్టుడెందుకు" అని ఎవరో చుట్టం ఫోనులో అంటే, "మా పిల్ల అది" అని ఫోను పెట్టేసింది.

ఇంటికి వచ్చాక కొన్ని మారాయి. నీళ్ల పొయ్యి వాకిట్లోకి పోయింది. బీడీల చాట అరుగు మీదికి పోయింది. మామ బీడీ తాగాలంటే చింతచెట్టు దాకా నడుస్తున్నాడు. గడప పక్కన సబ్బు, చెంబు పెట్టారు. బాబు వాటితో చేతులు కడుగుతూ పెద్దగా అరిచి లెక్కపెడతాడు. 17 దగ్గర తప్పుతాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు.

దగ్గు ఇంకా పది రోజులు ఉంది. అది మామూలే. రోజూ రాత్రి కోడలు ఊపిరి లెక్కపెట్టింది. ఒక రాత్రి అత్త పక్కకు వచ్చి కూర్చుంది.

"ఎంతున్నదే?"

"44 అత్తమ్మా."

"44 అంటె మంచిదేనా?"

"మంచిదే. 60 దాటొద్దు."

అత్త కాసేపు పాప పొట్టను చూసింది. "నాకు నూరు దాక రాదు. 60 దాక నేర్పు సాలు" అంది.

గుర్తుంచుకోండి

60, 50, 40. ఈ మూడు అంకెలు గోడ మీద రాసి పెట్టుకోండి.

పాలు తాగని బిడ్డను, డొక్కలు ఎగరేసే బిడ్డను వెంటనే దవాఖానకు తీసుకుపోండి. 108కు ఫోన్ చేయండి.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో పసిబిడ్డ దగ్గరికి పొగ ఎక్కడెక్కడి నుంచి వస్తోంది? దాన్ని ఎట్లా తగ్గించవచ్చు?

చుట్టాలకు నొప్పి కలగకుండా "చేతులు కడుక్కోండి" అని ఎట్లా చెబుతారు?

మీ ఇంట్లో లేదా పక్కింట్లో నిద్రపోతున్న బిడ్డ ఊపిరి ఒక నిమిషం లెక్కపెట్టండి. బిడ్డ వయసు, వచ్చిన అంకె మీ నోటుబుక్కులో రాయండి.